గొడుగుల గోవిందయ్య ఆఖరి అరగంట

తెనాలి చెంచుపేటలో శాలేమురాజు మాస్టారింట్లో చుట్టమొచ్చినా, కూర మాడినా, కరెంటు పోయినా 'గొడుగుల గోవిందయ్య' సినిమాలోంచి ఒక మాట పడవలసిందే. ఆ సినిమా చూసినవాడు ఆ ఇంట్లో మాస్టారొక్కడే. మిగతావాళ్లంతా ఆయన నోట విన్నవాళ్లు. కొడుకు ఆకాష్‌కి ఎక్కాలు రాకముందే ఆ సినిమా నోటికి వచ్చేసింది. మాస్టారి తల్లి కొండమ్మకి ఎనభై దాటాయి. చెవులు సరిగా వినపడవు. అయినా ఆ మాటలు మాత్రం కొడుకు పెదాలు చూసి పట్టేస్తుంది. నిరుడు బాపట్ల నుంచి కోడలిగా వచ్చిన రూబీకి, వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో అత్తగారు చూపించేలోపే మామగారు ఈ కథ చెప్పేశాడు.

కథ పెద్దదేం కాదు. గోవిందయ్య ఊరూరా తిరిగి గొడుగులు బాగుచేసే మనిషి. ఒక వానరోజు జమీందారు గారి అరుగు మీద తలదాచుకుంటాడు. చిన్నప్పుడు ఇల్లొదిలి పారిపోయిన జమీందారు తమ్ముడే తిరిగొచ్చాడనుకుని లోపలికి తీసుకెళ్లి పీట వేస్తారు. జమీందారు తల్లికి చూపు లేదు. దివానుకి బుద్ధి లేదు. భోజనాల వేళ ఇల్లు కురుస్తుంటే గోవిందయ్య ఒక చేత్తో విస్తరి మీద గొడుగు పట్టుకుని, రెండో చేత్తో పప్పు కలుపుకుంటాడు. ఆఖర్న అసలు తమ్ముణ్ణి నేనేనంటూ జట్కాలోంచి ఒకడు దిగుతాడు. వాడి వెనకే ఇంకొకడు దిగుతాడు. గోవిందయ్యతో కలిపి ముగ్గురూ అరుగు మీద కూర్చుని నేనంటే నేనని వాదులాడుకుంటారు. ముసలావిడ ఒక్కొక్కడి చెవులూ తడిమి చూసి, నిదానంగా అంటుంది: "వీళ్లలో ఎవడూ నా కొడుకు కాదు. వచ్చారుగా, భోంచేసి వెళ్లండి."

ఈ ఆఖరి మాట ఆ ఇల్లు దాటి చాలా దూరం పోయింది. అడ్రసు తప్పి వచ్చిన కొరియరు వాళ్లకి కొండమ్మ ఆ మాట చెప్పి మజ్జిగ ఇప్పించేది. ఒక ఆదివారం పాస్టరు గారు తప్పిపోయిన కుమారుడి మీద ప్రసంగం చేస్తూ, "ఒక పాత చలనచిత్రంలో ఒక తల్లి అన్నట్టుగా" అని ఆ మాటే వాడారు. సంఘమంతా వెనక్కి తిరిగి మాస్టారి వంక చూసింది. ఆయన తల వంచుకుని పాటల పుస్తకం తెరిచాడు.

మాస్టారి కడుపులో ఉన్న సంగతి వేరు. ఆ ఆఖరి అరగంట ఆయన చూడలేదు.

బాపట్లలో టీచరు ట్రైనింగు చదివే రోజుల్లో ఆ నలుపు తెలుపు సినిమా అక్కడ మళ్లీ ఆడింది. హాస్టలు గేటు ఎనిమిదిన్నరకి వేసేవారు. రాత్రి ప్రార్థనలో హాజరు పిలిచేవారు. ఫస్టు షో తొమ్మిది దాటితే గానీ వదలదు. తెర మీద జట్కా వచ్చి ఆగి, అందులోంచి ఒక బూటుకాలు కిందికి దిగుతుండగా శాలేమురాజు లేచి సైకిలెక్కాడు. ఇంకో రోజు మళ్లీ వెళ్లాడు. మళ్లీ బూటుకాలు, మళ్లీ సైకిలు. ఈసారి మార్నింగు షోకి వెళ్దామనుకునేలోపు సినిమా మారిపోయింది.

గదిలో కుర్రాళ్లు, "తర్వాతేమైందిరా?" అన్నారు. డబ్బులిచ్చి రెండుసార్లు చూసొచ్చినవాడు తెలీదంటే ఏం బాగుంటుంది? బూటుకాలు అసలు తమ్ముడిదే అయ్యుంటుందని మొదలుపెట్టాడు. అక్కణ్ణించి నోరు దాని దారిన అది నడిచింది. కుర్రాళ్లు మంచాల మీద పడి దొర్లారు. ఆ రోజు నుంచీ సినిమా అదే.

ఇందులో తప్పుందని ఆయనకెప్పుడూ తోచలేదు. సినిమా చూసి కూడా ముగింపు గుర్తులేనివాళ్లు ఎంతమంది లేరు! చూడకుండానే తనకి గుర్తుంది. పైగా ఆ సినిమా ఏ టీవీలోనూ రాలేదు, క్యాసెట్టుగానూ రాలేదు. ప్రింటు పాడైపోయిందని ఎప్పుడో ఎవరో చెబితే ఆయన "అయ్యో" అన్నాడు. ఆ పూట రెండుసార్లు మారు వడ్డించుకుని తిన్నాడు.

అలాంటిది, ఒక శనివారం సాయంత్రం ఆకాష్ గుంటూరులో ఉద్యోగం నుంచి వస్తూనే, బూట్లు కూడా విప్పకుండా ఫోను పట్టుకుని హాల్లోకి వచ్చాడు.

"డాడీ, దొరికింది!"

"ఏంటి?"

"గోవిందయ్య. యూట్యూబులో ఎవరో పెట్టారు. ఫుల్ మూవీ."

"ఫుల్లా?" అన్నాడు శాలేమురాజు.

"ఫుల్లే. చివరికి జరిపి చూశా, శుభం అని కూడా ఉంది. అంతే చూశా. మిగతాది అందరం కలిసి చూద్దామని ఆపేశా. రేపు రూబీ వాళ్ల నాన్న కూడా వస్తున్నారుగా, భోజనాలయ్యాక టీవీలో పెడతా."

"మంచి పని చేశావు," అన్నాడు శాలేమురాజు. 

ఆ సాయంత్రం భార్య సరోజిని వంటింట్లో వెల్లుల్లి ఒలుస్తుంటే ఆయన వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మకి అంతసేపు టీవీ వెలుతురు పడదేమో."

"రోజూ నాలుగు సీరియళ్లు చూస్తుంది."

"రేపొచ్చే మార్కు బావగారికి పాత సినిమాలు గిట్టవేమో."

"వచ్చాక అడుగుదాం," అంది సరోజిని. ఆవిడ తల ఎత్తలేదు. రేపల్లెలో బియ్యం మిల్లు గుమాస్తా కూతురు. మాటలు పొదుపు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆ సినిమా గురించి ఆవిడ మంచీ అనలేదు, చెడ్డా అనలేదు. ఆయన చెబుతున్నప్పుడల్లా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చునేది. అది నవ్వాపుకోవడమేనని ఆయన లెక్క.

మర్నాడు చర్చిలో అందరూ కళ్లు మూసుకున్నప్పుడు శాలేమురాజు కూడా మూసుకున్నాడు. దేవుణ్ణి కరెంటు పొమ్మని అడగడం సబబు కాదని తెలుసు. అందుకని అడగలేదు. తన పరిస్థితి మాత్రం వివరంగా విన్నవించుకున్నాడు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా అయితే చాలని, చెంచుపేట మటుకైనా ఫరవాలేదని సూచించాడు.

ఆ మధ్యాహ్నం కరెంటు ఎన్నడూ లేనంత నిలకడగా ఉంది. వోల్టేజీ కూడా బాగా వచ్చింది.

వియ్యంకుడు మార్కు ఒక్కడే వచ్చాడు బాపట్ల నుంచి. వాళ్లావిడకి చర్చిలో స్త్రీల సమాజం మీటింగు ఉంది. మార్కు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా రైలు ఆఖరి పెట్టెలో కూర్చుని వచ్చినవాడు కాబట్టి, ముందు ఏం జరుగుతున్నా తొందరపడి వాదనకి దిగే అలవాటు లేదు. పలావు, కోడికూర తింటూ ఆయన అన్నాడు:

"ఆ సినిమా నేనూ చూశానండి బావగారూ. బాపట్లలోనే. బాగా చిన్నప్పుడు."

శాలేమురాజు చేతిలో ముద్ద విస్తరికీ నోటికీ మధ్యన ఆగింది.

"గొడుగొకటి గుర్తుంది. ఆఖర్న ఫైటింగు ఉంటుందనుకుంటా."

"ఫైటింగు లేదండి."

"బస్తాల మీంచి దూకుతారూ..."

"అది వేరే సినిమా అయ్యుంటుందండి."

"అయ్యుంటుందండి," అని మార్కు ఒప్పేసుకున్నాడు. సరోజిని ఆయన విస్తట్లో ఇంకో ముక్క వేసింది.

చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు శాలేమురాజు పెరటి వైపు కాకుండా హాల్లోంచి వెళ్లి, వైఫై పెట్టె వెనక తీగని కొంచెం వదులు చేశాడు. ఆకాష్ టీవీ ముందు కూర్చుని అటూ ఇటూ నొక్కి, "నెట్ రావట్లేదు, నా ఫోన్లోంచి ఇస్తా," అన్నాడు. ఎంతోసేపు పట్టలేదు.

కొండమ్మకి టీవీకి దగ్గరగా మడతకుర్చీ వేశారు. మార్కుకి సోఫా. రూబీ జంతికల పళ్లెం తెచ్చి మధ్యలో పెట్టింది. శాలేమురాజు గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

తెర నిండా గీతలు. వాన కురుస్తోందో, ప్రింటు అరిగిపోయిందో తెలియలేదు. గోవిందయ్య గొడుగు భుజాన వేసుకుని గట్టు మీద నడిచి వచ్చాడు. జమీందారు గారి నౌకరు అరుగు మీదికొచ్చి, ఆయన మొహంలోకి చూసి నోరు తెరిచాడు. ఆ నౌకరు మాట్లాడకముందే హాల్లో ముగ్గురు అతను అనబోయే మాట అనేశారు. కొండమ్మ అందరికంటే గట్టిగా అంది.

"మావయ్యగారండీ, ఒక్క అక్షరం తేడా లేదండి!" అంది రూబీ. "ఆ నౌకరు తుమ్మడం కూడా మీరు చెప్పినట్టే తుమ్మాడు."

"ఊఁ," అన్నాడు శాలేమురాజు.

"డాడీ, ఏంటి మీరు మాట్లాడట్లేదు?" అన్నాడు ఆకాష్. ఏ సినిమా చూసినా వచ్చే సీనుని ముందే చెప్పేసి ఇంట్లోవాళ్ల చేత తిట్లు తినడం ఆయన అలవాటు.

"చూడనీ."

భోజనాల సీను వచ్చింది. పైకప్పులోంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. గోవిందయ్య కంగారు పడకుండా గొడుగు తెరిచాడు. గొడుగు అంచు మీంచి నీళ్లు పక్కనున్న జమీందారు గారి విస్తట్లోకి కారాయి. జమీందారు, చారు పోశారనుకుని జుర్రుకుని, "ఉప్పు తగ్గింది," అన్నాడు. మార్కు నవ్వీ నవ్వీ పొలమారి, రూబీ వచ్చి నెత్తిన తడితే గానీ ఊపిరి తిరగలేదు. శాలేమురాజుకి కూడా నవ్వొచ్చింది. తను పడుతున్న అవస్థంతా ఆ కాసేపు మరిచిపోయాడు. చారు సంగతి ఎన్నోసార్లు చెప్పాడు గానీ, ఆ జమీందారు మీసం తడిసి కిందికి వేలాడటం ఇన్నేళ్లలో ఎందుకో మరిచిపోయాడు. ఎంత బాగా చేశాడు మహానుభావుడు!

గంట గడిచింది. ఇంకో గంట గడిచింది. మలుపు తిరిగి జట్కా వచ్చింది. ఇంటి ముందు ఆగింది. గుర్రం తల విదిలించింది. కెమెరా కిందికి దిగింది. జట్కా మెట్టు మీద ఒక బూటుకాలు పడింది.

శాలేమురాజు లేచి నిలబడ్డాడు. లేవాలని అనుకోలేదు. మోకాళ్లు వాటంతటవే లేచాయి.

"ఎక్కడికండీ?" అంది సరోజిని.

"మంచినీళ్లకి."

"నేను తెస్తానండి మావయ్యగారూ, మీరు కూర్చోండి. ఇప్పుడేగా ముగ్గురూ వచ్చేది," అంటూ రూబీ పరుగున వెళ్లి గ్లాసుతో తిరిగొచ్చింది. ఆయన గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

బూటుకాలు పోలీసు ఇన్‌స్పెక్టరుది.

అది అసలు తమ్ముడిది కాదు, దొంగ తమ్ముడిది కూడా కాదు. ఆయన దిగి, లాఠీ తిప్పి, "ఈ ఊళ్లో ధాన్యం దొంగతనంగా తరలిపోతోంది," అన్నాడు. అంతవరకూ ఆ సినిమాలో ధాన్యం ఊసే లేదు. అక్కణ్ణించి అందరూ గోదాములోకి వెళ్లారు. దివాను మనుషులు బస్తాల మీంచి దూకారు. గోవిందయ్య కూడా దూకాడు. దూకినవాళ్లే మళ్లీ ఎక్కి మళ్లీ దూకారు. మధ్యలో ఒక పాట వచ్చింది. కొట్లాటలో గోవిందయ్య గొడుగు ఎగిరి వెళ్లి ముసలావిడ నెత్తిన పడింది. ఆవిడకి చూపొచ్చింది. చూపు రాగానే గోవిందయ్యని చూసి, "నాయనా, నువ్వే నా బిడ్డవి!" అని ఏడ్చింది. గోవిందయ్య నిజంగానే ఆ ఇంటి తమ్ముడట. చేతి మీద మచ్చ కూడా ఉంది. దివానుకి బేడీలు పడ్డాయి. గోవిందయ్యకి పెళ్లైంది. అందరూ వరసగా నిలబడి దణ్ణం పెట్టారు. శుభం.



"ముగ్గురూ ఏరిరా?" అంది కొండమ్మ. "చెవులు తడమలేదు. అన్నం పెట్టలేదు."

"కట్ చేసేశారు నాయనమ్మా," అన్నాడు ఆకాష్, ఆవిడ చెవిలో గట్టిగా. కానీ ఆ మాట అంటూనే వాడు టీవీ వంక అనుమానంగా చూశాడు.

"వేరే ప్రింటేమో," అంది రూబీ. ఆ పిల్ల గొంతులో కూడా బలం లేదు.

"బస్తాల మీంచి దూకడం నాకు గుర్తుందండి," అన్నాడు మార్కు. ఎవరినీ తప్పుపట్టే ఉద్దేశం ఆయనకి లేదు. తన జ్ఞాపకశక్తి ఇంకా బాగానే ఉందని సంతోషించాడంతే.

అందరి మొహాలూ మెల్లగా గుమ్మం వైపు తిరిగాయి. శాలేమురాజు గ్లాసులో నీళ్లు చూస్తున్నాడు. నలభై మంది పిల్లల్ని ఒక్క దగ్గుతో కూర్చోబెట్టిన మనిషి గ్లాసెత్తి నీళ్లన్నీ తాగేశాడు. 

అప్పుడు సరోజిని జంతికల పళ్లెం తీసి మార్కు ముందు పెట్టింది.

"అప్పట్లో సినిమాలు ఊరికో రకంగా వేసేవాళ్లు అన్నయ్యగారూ. రేపల్లెలో ఇలాగే ఫైటింగుతో వేశారు. బాపట్లలో ముగ్గురు తమ్ముళ్లతో వేశారు."

"నేను చూసిందీ బాపట్లలోనేనమ్మా."

"మీరు చిన్నపిల్లలు కదా. చిన్నపిల్లలొస్తే ఫైటింగుది వేసేవాళ్లేమో," అంది సరోజిని. ఆవిడ మొహంలో ఒక్క గీత కదల్లేదు. "తీసుకోండి, వాము వేసి చేశాను."

 "అయ్యుంటుందమ్మా," అని మార్కు జంతిక తీసుకున్నాడు.

కొండమ్మకి అర్థమయ్యేలా ఆ మాటే మళ్లీ చెప్పారు. ఆవిడ రేపల్లె వాళ్ల మీద జాలిపడింది.

పొద్దు వాలాక ఆకాష్ మామగారిని బండి మీద స్టేషనుకి తీసుకెళ్లాడు. రూబీ పళ్లేలు కడుగుతోంది. శాలేమురాజు వరండాలో కూర్చున్నాడు. సరోజిని ఆరిన బట్టలు తెచ్చి పక్క కుర్చీలో పోసి మడత పెట్టడం మొదలుపెట్టింది. ఆయన అన్నాడు:

"రేపల్లెలో ఎప్పుడు చూశావు?"

"టెన్తు పరీక్షలయ్యాక సెలవుల్లో."

"అంటే పెళ్లికి ముందే."

"ముందే."

"ఎవరితో చూశావు?"

"అందరం వెళ్లాం. అమ్మ, తమ్ముళ్లు, నాన్న. నాన్న మిల్లు నుంచి సరాసరి హాలుకి వచ్చారు. సినిమా అంతా నిద్రపోయారు. ఆ కొట్లాటప్పుడు లేచి, దివానుకి బేడీలు వేసే లోపు మళ్లీ పడుకున్నారు."

శాలేమురాజుకి రేపల్లె వసారా గుర్తొచ్చింది. పెళ్లైన కొత్తల్లో అత్తగారింట్లో ఒక సాయంత్రం కరెంటు పోతే, కొత్తల్లుడి గొప్ప చూపించుకోవడానికి ఆయన మొదట చెప్పిన కథ ఇదే.

"మరి ఆ రోజు మీ ఇంట్లో నేను చెప్పినప్పుడు... మీవాళ్లందరూ..."

"అందరూ చూసినవాళ్లే."

"నవ్వారు కదే?"

"నవ్వారు. నాన్న కూడా నవ్వారు. ఆయన పైకి నవ్వడం నేను చూడటం అదే మొదలు. ఏమన్నా అయిందేమోనని అమ్మ లాంతరు తెచ్చి మొహం చూసింది."

"నేను కల్పించి చెబుతున్నానని తెలిసే?"

"తెలిసే. మీరు పడుకున్నాక అమ్మ భయపడింది. 'అల్లుడు ఇంత తేలిగ్గా అబద్ధం ఆడేస్తున్నాడు, రేపు పిల్లతో ఎట్లా?' అని. నాన్న అన్నారు, 'సినిమా తీసినవాళ్లు మాత్రం నిజం చెప్పారా? వాళ్లు చెబితే నేను నిద్రపోయాను, ఇతను చెబితే పోలేదు,' అని."

శాలేమురాజు ఒక చొక్కా తీసి మడత పెట్టబోయాడు. సరోజిని అది ఆయన చేతిలోంచి తీసుకుని సరిగా మడిచింది.

"క్రిస్మస్‌కి వెళ్లినప్పుడల్లా ఆదాము నా చేత చెప్పించుకునేది..." ఆదాము ఆవిడ పెద్ద తమ్ముడు.

"ఈసారి ఏం మారిందో చూద్దామని."

"మార్చడమేంటి? నేనెప్పుడూ ఏదీ మార్చలేదు."

"మొదట గోవిందయ్య కాక ఒక్కడే దిగేవాడు. రెండోవాడు ఆకాష్ పుట్టిన యేడు వచ్చాడు. చెవులు తడమడం మొన్న మొన్నటిది."

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. తన కళ్లకి ముసలావిడ వేళ్లు ఆ చెవుల మీద కదలడం ఇప్పటికీ కనిపిస్తోంది. ఏ హాల్లో చూశాడో, ఏ కుర్చీలో కూర్చుని చూశాడో కూడా చెప్పగలడు.

"నువ్వొక్క మాట చెప్పొచ్చుగా."

"చెబితే పెళ్లైన వారంలో చెప్పాలి. అప్పుడు మీరు కొత్త. పాతబడ్డాక చెబుదామనుకున్నా. అప్పటికి నాకూ అదే బాగుంది," అని సరోజిని బట్టలెత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత కొన్ని వారాలు ఆ ఇంట్లో గోవిందయ్య పేరు వినపడలేదు. ఎవరూ వద్దనలేదు. శాలేమురాజే ఎత్తలేదు. కూర మాడితే ఊరికే తిన్నాడు. చుట్టమొస్తే "రండి, కూర్చోండి," అన్నాడు. ఒక విషయం మాత్రం ఆయనకి తెగలేదు. రేపల్లెలో అన్నేళ్లు వాళ్లు నవ్వింది కథ విని నవ్వారా, చెప్పేవాణ్ణి చూసి నవ్వారా? కరెంటు లేని వసారాలో తను చేతులు తిప్పుతూ ముసలావిడలా గొంతు మార్చడం, చీకట్లో వాళ్లు ఒకర్నొకరు గిల్లుకోవడం తలుచుకుంటే చెవులు వేడెక్కేవి. సరోజినిని అడగొచ్చు. ఆవిడ నిజం చెప్పేస్తుందేమోనని అడగలేదు.

ఎండలు ముదిరే రోజుల్లో ఆదాము కొత్త ఇల్లు కట్టుకుని ప్రార్థన పెట్టుకున్నాడు. శాలేమురాజు, సరోజిని పొద్దున్నే తెనాలిలో రేపల్లె బండెక్కారు. కిటికీ పక్కన కూర్చుని, కోసేసిన చేల వంక చూస్తూ ఆయన ఒక నిర్ణయానికొచ్చాడు. అడక్కపోతే సరేసరి. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేయాలి. అరవై దాటిన మనిషి, మాస్టరుగా చేసిన మనిషి, ఇంక దాచేదేముంది?

ప్రార్థన అయింది. భోజనాలయ్యాయి. కొత్త గచ్చు మీద చాపలు పరిచారు. సున్నం వాసన ఇంకా పోలేదు. ఆదాము తలగడ తెచ్చి బావ వెనక పెట్టాడు.

"బావా, గోవిందయ్య చెప్పు."

"యూట్యూబులో వచ్చిందిగా," అన్నాడు శాలేమురాజు.

"వచ్చిందట. ఎవరు చూస్తారు ఇప్పుడు? నువ్వు చెప్పు."

సరోజిని తల్లి పున్నమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. ఆమెకీ ఎనభై దగ్గరపడ్డాయి. మేనకోడళ్లు, వాళ్ల పిల్లలు, పక్కింటివాళ్లు చేరారు. సరోజిని వెనగ్గా, తల్లి పక్కన కూర్చుంది.

శాలేమురాజు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. గట్టు మీద గోవిందయ్య, వాన, తుమ్మే నౌకరు. నవ్వారు. పప్పు, గొడుగు, జమీందారు మీసం. పడీపడీ నవ్వారు. జట్కా వచ్చింది. బూటుకాలు దిగింది.

"ఆ కాలు పోలీసు ఇన్‌స్పెక్టరుది," అన్నాడు శాలేమురాజు.

ఒకరిద్దరు నవ్వబోయి ఆగారు. ఆయన ఆగలేదు. ధాన్యం సంగతి చెప్పాడు. గోదాము చెప్పాడు. ఎవరు ఎవరి మీద దూకారో, మళ్లీ ఎక్కి ఎందుకు దూకారో వరసగా, పాఠం చెప్పినట్టు చెప్పాడు. గొడుగు నెత్తిన పడి ముసలావిడకి చూపు రావడం చెప్పాడు. ఎవరో దగ్గారు. ఒకావిడ పొయ్యి మీద పాలున్నాయని లేచింది. మచ్చ దగ్గరికి వచ్చేసరికి ఆదాము మొహం పాలిపోయింది.

"ఇదేంట్రా," అంది పున్నమ్మ కొడుకుతో, "అల్లుడుగారికి ఎండదెబ్బ కొట్టింది. మొహం చూడు. ఆ బండిలో కిటికీ పక్కన కూర్చోబెట్టిందేమో ఇది."

"లేదండి అత్తయ్యగారూ, నిజంగా సినిమాలో..."

"మాట్లాడకండి నాయనా. ముందు కాస్త మజ్జిగ తాగండి."

మజ్జిగ వచ్చింది. తడిగుడ్డ వచ్చింది. ఆదాము, ఇంకో బావమరిది చెరో రెక్కా పట్టుకుని లోపలి గదిలో ఫ్యాను కింద పడుకోబెట్టారు. నుదుటి మీద గుడ్డ వేశారు. తలుపు దగ్గరగా వేసి వెళ్లారు. శాలేమురాజు వెల్లకిలా పడుకుని కొత్త సీలింగు చూశాడు. ఆ ఇంట్లో ఆయన చెప్పిన నిజమల్లా ఎండదెబ్బ కింద పోయింది. పడుకోబెట్టేటప్పుడు వాళ్ల మొహాల్లో ఎకసెక్కం ఏమన్నా ఉందేమోనని చూశాడు. లేదు. అందరూ నిజంగానే కంగారుపడ్డారు. అందులోనూ ఆదాము అయితే, పెట్టిన భోజనం మధ్యలో లాగేసుకుంటే చిన్నపిల్లాడు చూసినట్టు చూశాడు.

అవతల కాసేపు గుసగుసలు.  తర్వాత సరోజిని గొంతు.

"ఆయన మధ్యలో మరిచిపోయారు. ఇన్‌స్పెక్టరు వచ్చిన మాట నిజమే. అరెస్టు చేద్దామనే వచ్చాడు. లోపలికి అడుగు పెట్టేసరికి పప్పుచారు తాలింపు వాసన కొట్టింది."

శాలేమురాజు నుదుటి మీది గుడ్డ తీశాడు. సరోజిని కథ చెప్పడం ఆయన పుట్టి బుద్ధెరిగి వినలేదు. ఆవిడ చెప్పే తీరు ఆయన తీరు కాదు. చేతులు తిప్పడం, గొంతు మార్చడం ఏమీ లేదు. బజారు నుంచి ఏం తేవాలో చెప్పినట్టు చెబుతోంది.

"వాసన చూసి టోపీ తీశాడు. తీసి, చంకలో పెట్టుకుని, ముసలావిడ ముందు మోకాళ్ల మీద కూర్చుని, 'అమ్మా, నేనే నీ చిన్నకొడుకుని,' అన్నాడు."

గచ్చు మీద ఒక్కసారిగా నవ్వు పడింది. పున్నమ్మ నవ్వు అందులో వేరుగా వినిపించింది.

"మరి అరెస్టో అక్కా?" అన్నాడు ఆదాము, అతి కష్టం మీద.

"చెయ్యి కడుక్కున్నాక చూద్దామన్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు బయట నిలబడి ఉన్నారుగా. వాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు."

శాలేమురాజు లేచాడు. తలుపు తీసుకుని, తడిగుడ్డ చేత్తో పట్టుకుని చాపల దగ్గరికొచ్చాడు. ఎవరూ ఆయన్ని పట్టించుకోలేదు. అందరూ సరోజిని వంక చూస్తున్నారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం లేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. కానిస్టేబుళ్లు ఏం చేశారన్నది ఆయనకి ఎంత ఆలోచించినా తట్టలేదు.

"మరి దివానో?" అని అడిగాడు నిలబడే.

"ఉండండి, అతనూ బయల్దేరాడు," అంది సరోజిని, ఆయన వైపు చూడకుండానే.

ఆదాము కళ్లు తుడుచుకుంటూ చాప మీద కొంచెం పక్కకి జరిగాడు. శాలేమురాజు మఠం వేసుకుని అక్కడ కూర్చున్నాడు.